కౌన్సెలింగ్ అంటే పోలీసు స్టేషనేనా?

2009 అక్టోబరు తొలి రోజుల్లో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచెత్తింది. ఇళ్లు కూలాయి. మగ్గాల గుంటల్లో బురద నిండింది. ఆ సంవత్సరం పుట్టిన పిల్లలకు 2025లో పదహారేళ్లు నిండాయి. కొందరు ఇంటర్మీడియట్ గడపలో ఉన్నారు, మరికొందరు పుస్తకం మూసి పనిలోకి వెళ్లారు. ఇళ్ల స్థలాల గురించీ పరిహారం గురించీ వినతిపత్రాలు ఎన్నో నడిచాయి. తల్లిదండ్రులు అప్పులతో, కొత్త గోడలతో సతమతమవుతున్న ఆ ఏళ్లలో పిల్లల మనసులు ఎలా పెరిగాయన్న ప్రశ్న మాత్రం ఏ వినతిపత్రంలోనూ చోటు చేసుకునేది కాదు.

ఇప్పుడు ఆ ప్రశ్న వేరే రూపంలో వినిపిస్తోంది. ఏ సమావేశానికి వెళ్లినా, ఏ పెళ్లి పందిట్లో నలుగురు పెద్దలు కూర్చున్నా, పిల్లలు చెడిపోతున్నారన్నదే మాట. చేతిలో ఫోను, నోట్లో గుట్కా, పెద్దలంటే లక్ష్యం లేదు, నమాజుకు పిలిస్తే విసుగు. జుమా ప్రసంగాల్లోనూ ఇదే మందలింపు. ఫోను దోషం లేదని ఎవరూ అనరు. కరోనా కాలంలో పాఠం కోసం చేతికిచ్చిన ఆ వస్తువు పాఠం ముగిశాక వెనక్కి రాలేదు. బెట్టింగ్ యాప్‌లు ఎన్ని ఇళ్లను అప్పులపాలు చేశాయో అందరికీ తెలుసు. పాలమూరు కల్లులో కలిసే మత్తుమందు సంగతీ కొత్తది కాదు. అయితే ఇవన్నీ ఖాళీ దొరికిన చోటే చొరబడతాయి. ఆ ఖాళీ ఎలా ఏర్పడిందో చూడకుండా కుర్రవాడిని మాత్రమే నిలదీయడం సులువైన పని, అందుకే మనం దాన్ని తరచుగా చేస్తుంటాం.

గద్వాల ప్రాంతంలో ఆ ఖాళీకి ఒక రుతువు ఉంది. ఈ జిల్లా విత్తన పత్తికి పేరుమోసింది. ఆ సాగులో ప్రతి పువ్వునూ చేతితో తాకాలి. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు విప్పి పుప్పొడి భాగాన్ని తీసివేయాలి. మర్నాటి ఉదయం మగ పువ్వు తెచ్చి అద్దాలి. మొక్క ఎత్తుకు సరిపోయే ఒడ్డూ పొడుగూ, చురుకైన వేళ్లూ కావాలి కాబట్టి ఆడపిల్లలను పిలుస్తారు. బడులు తెరిచి, పాఠాలు ఊపందుకునే వేళకే క్రాసింగ్ పనులు మొదలవుతాయి. కంపెనీకి, రైతుకు మధ్య ఆర్గనైజరు ఉంటాడు. బయానా ముందే అందుతుంది. ఆ సొమ్ము ఇంట్లో ఏ అప్పుకో ఏ పెళ్లికో ఖర్చయిపోయాక, బడికి పోతానని బిడ్డ అడిగే అవకాశం ఎక్కడిది? పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించరాదని 2016 సవరణ చట్టం చెబుతోంది. బడి వేళల తర్వాత సొంత కుటుంబానికి సాయపడవచ్చునన్న మినహాయింపునూ అదే ఇచ్చింది. ఆ సందులోంచి పొలాలకు పొలాలే నడిచిపోతున్నాయి.

రెండు మూడు నెలల తర్వాత తరగతికి తిరిగి వచ్చిన పిల్లకు బోర్డు మీది లెక్క అర్థం కాదు. అడిగితే నవ్వుతారన్న భయం. అడగకపోతే మొద్దు అన్న పేరు. కొద్ది రోజులకు తలనొప్పి, కడుపునొప్పి అంటూ బడి తప్పించుకోవడం, ఇంట్లో ఎదురు చెప్పడం, రాత్రి నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. దీన్ని మనం ‘ప్రవర్తన’ అంటాం. సాయా సోకిందేమోనని తాయెత్తు కట్టించే ఇళ్లూ ఉన్నాయి. తండ్రి హైదరాబాద్‌లోనో పుణేలోనో కూలి పనిలో ఉంటే, తల్లి ఒక్కతే ఈ బరువంతా మోయాలి. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి గద్వాల జిల్లా అక్షరాస్యత సగానికి కూడా చేరలేదు, రాష్ట్రంలో అన్నిటికంటే అడుగున ఉంది. చదువు రాని ఆ తల్లికి బిడ్డ దిగులుకు పేరు పెట్టగల మాటే అందుబాటులో లేదు.

ఆ మాట చెప్పవలసిన మనిషి బడిలో ఉండాలి. లేడు. మన పిల్లలకు ‘కౌన్సెలింగ్’ అన్న పదం రెండు సందర్భాల్లోనే ఎదురవుతుంది. ఒకటి, ఇంజనీరింగ్ సీట్ల కేటాయింపు. రాజోలి లాంటి ఊళ్లలో అక్కడిదాకా చేరేవారు కొద్దిమందే. రెండోది, పోలీసు స్టేషన్. గత దశాబ్దంలో హైదరాబాద్ పాతబస్తీలో ‘చబూత్రా’ పేరిట పోలీసులు రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రవాళ్లను పట్టుకుపోయి, తల్లిదండ్రులను పిలిపించి, హితబోధ చేసి పంపేవారు. దానికి పెట్టిన పేరు కౌన్సెలింగే. నేరం చేయని పిల్లవాడిని ఠాణాలో కూర్చోబెట్టి చెప్పిన మాట ఏ మనసుకు ఊరటనిస్తుంది? కొందరు తల్లిదండ్రులు దాన్ని మెచ్చుకున్నారన్నదీ నిజమే. ఆ మెప్పులో వారి నిస్సహాయత కనిపిస్తుంది. పిల్లవాడి గురించి చెప్పుకోవడానికి ఠాణా తప్ప మరో తలుపు వారికి తెలియలేదు.

ఆ మరో తలుపును ఇప్పుడు చట్టమే చూపుతోంది. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక బాలిక మరణంపై విచారణ జరిపిన సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం ఏర్పరచుకోవాలి. ఉపాధ్యాయులకు ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు చేసి కూర్చోబెట్టరాదు, నలుగురిలో అవమానించరాదు. సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనిపించేలా రాసి ఉంచాలి. ప్రభుత్వం చట్టం చేసేదాకా ఇవి అమల్లో ఉంటాయని కోర్టు స్పష్టం చేసింది.

తెలంగాణకు ఈ పాఠం ముందే అంది ఉండాలి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాక ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత పునఃపరిశీలనలో వెయ్యికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులని తేలింది. దిద్దుబాటు జరిగింది మార్కుల కాగితాల్లో. పిల్లలు తమ భయం చెప్పుకోగల ఏర్పాటు మాత్రం వెంటనే రాలేదు. 2022లో దేశవ్యాప్తంగా పదమూడు వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో ముస్లిం పిల్లలెందరో ఆ లెక్క విడదీసి చెప్పదు.

మన సముదాయం గట్టిగా అడగవలసింది ఇక్కడే. రాష్ట్రంలో రెండు వందలకు పైగా మైనారిటీ గురుకులాలు నడుస్తున్నాయి. సగం ఆడపిల్లలవి. పదేళ్లకే ఇల్లు విడిచి హాస్టల్లో చేరిన పిల్లలు వాటిలో చదువుతున్నారు. భవనం, భోజనం, ఫలితాల శాతం గురించి మనం అడుగుతూనే ఉన్నాం. కౌన్సెలర్ గురించి అడగడం లేదు. ఆ కౌన్సెలర్‌కు పిల్లల భాష రావాలి. ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్ల ఇంగ్లీషులో పాఠం అప్పజెప్పగలదేమో కానీ తన దుఃఖం చెప్పుకోలేదు. దూదేకుల ఇంటి పిల్లకు అదే తెలుగులో కావాలి. మూడు జిల్లాలకు ఒకరిని వేసి, కాగితం మీద లెక్క సరిపెట్టే ఏర్పాటును ఒప్పుకోకూడదు.

ఇంకొక మాట, మనలో కొందరికి రుచించకపోవచ్చు. ప్రభుత్వ బడిని అడిగే నోటితో మన మదరసాలనూ అడగాలి. ఇల్లు విడిచి అక్కడే ఉండి చదివే పసివాళ్లు దిగులుపడితే చూసేదెవరు? బెత్తం ఇంకా గోడకు వేలాడుతున్న చోట కోర్టు మాట అక్కరలేదా? బయటివారు మదరసాల మీద నింద వేయడానికి కాచుకుని ఉన్నారన్న కారణం చూపి ఈ ప్రశ్నను పక్కన పెట్టడం పిల్లలకు న్యాయం కాదు.

ఈ లోపు మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ఉచితం. నమాజు వేళల పలక పక్కన ఆ అయిదంకెలు రాయడానికి ఏ మసీదు కమిటీకీ ఎవరి అనుమతీ అక్కరలేదు. క్రాసింగ్ పనుల కాలంలో ఏ ఇంటి పిల్ల బడికి పోవడం లేదో మొహల్లా పెద్దలకు తెలియనిది కాదు. ఆ ఇంటి బయానా తీర్చడానికి బైతుల్‌మాల్‌లో సొమ్ము ఉందా అని చూడవచ్చు. ఇక గురుకులంలో తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు ప్రిన్సిపాల్‌ను అడగవలసిన ప్రశ్న ఒకటే: మా పిల్లల కౌన్సెలర్ పేరేమిటి, ఏ గదిలో కూర్చుంటారు? జవాబు రాకపోతే, ఆ ప్రశ్ననే అర్జీగా రాసి జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.