సుతి పట్టినాయన పేరు

మొన్న హైదరాబాద్‌లో ఒక డిజరీడూ వర్క్‌షాప్‌కి వెళ్లాను. ఇరవై మందిమి, దాదాపు అందరం సాఫ్ట్‌వేర్ వాళ్లమే. తలా ఒక గ్లాసు నీళ్లు, ఒక స్ట్రా ఇచ్చారు. బుగ్గల నిండా గాలి పట్టుకోవాలి. బుగ్గలు నొక్కి దాన్ని బయటికి తోస్తూ, అదే క్షణంలో ముక్కుతో కొత్త గాలి లాగాలి. నీళ్లలో బుడగలు ఆగకూడదు. నాకు ఆగాయి. పక్కనాయనకీ ఆగాయి. "ఇదొక ధ్యానం, ప్రాచీన రహస్యం" అన్నాడు నేర్పేవాడు. అందరం తలూపాం.

ఆ 'రహస్యం' దగ్గరే నాకు తిక్కరేగింది. ఎందుకంటే దాన్ని నేను చిన్నప్పుడే హుజూర్‌నగర్‌లో, మా మేనత్త కూతురి పెళ్లి పందిట్లో చూశాను. మంగలి మేళం వచ్చింది. ముందు సన్నాయి, డోలు. వెనక ఒక ముసలాయన శ్రుతి సన్నాయి పట్టుకుని ఒకే స్వరం ఊదుతున్నాడు. వేళ్లు కదలవు, రాగం లేదు, ఆగడం లేదు. బుగ్గలు మాత్రం ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి. మధ్యలో మేళం ఆగినప్పుడు అడిగాను: "తాతా, గాలి ఎప్పుడు పీలుస్తవ్?"

"ఊదుకుంటనే పీలుస్త బిడ్డా. సుతి ఆగితె మేళం ఆగినట్టే."

అందరూ తిన్నాక, ఆఖరి బంతిలో ఆ మేళం వాళ్లకి అన్నం పెట్టారు.

'మనకెప్పుడో తెలుసు, తెల్లోళ్లు ఇప్పుడు కనుక్కున్నారు' అనే వాట్సాప్ గర్వం నాకొద్దు. డిజరీడూ తెల్లోళ్లది కానే కాదు. ఉత్తర ఆస్ట్రేలియా ఆర్నెమ్ ల్యాండ్‌లోని యోల్ంగు ప్రజలు దాన్ని యిడకి అంటారు. చెదలు లోపల తొలిచేసిన యూకలిప్టస్ మానుతో చేస్తారు. వాళ్ల పాటల్లో, క్రతువుల్లో దానికో చోటుంది. మా వర్క్‌షాప్‌లో ఆ పేరు ఒక్కసారి కూడా వినపడలేదు. మనుషుల్ని అక్కడే వదిలేసి గొట్టం మాత్రం తెచ్చుకున్నాం. అదీ ప్లాస్టిక్‌ది.

నా కోపం ఇక్కడ. దూరం నుంచి వస్తే ధ్యానం, మన గడపలో ఉంటే కులవృత్తి. స్విట్జర్లాండ్‌లో 25 మందిపై చేసిన అధ్యయనం ఒకటి 2005 చివర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నాలుగు నెలలు డిజరీడూ ఊదినవాళ్లకి నిద్రలో ఊపిరాడని ఇబ్బంది, పగటి మత్తు తగ్గాయట. మంచిదే. మరి జీవితాంతం ఊదినాయన ఛాతీ ఎలా ఉందని మనలో ఎవరైనా అడిగామా?

'కళకి కులమేంటి' అనే మిత్రులకి ఒక్క మాట. కళ అని పిలిచింది ఎవర్ని? సన్నాయి, నాదస్వరం అనగానే మనకి గుర్తొచ్చేది ముందు నిలబడ్డవాళ్లే. కరవది నుంచి వెళ్లిన షేక్ చినమౌలానాకి 1998లో సంగీత కళానిధి వచ్చింది, రావాల్సిందే. కానీ ఊపిరి తెగకుండా ఊదడమే మొత్తం పనిగా పెట్టుకున్న మనిషి శ్రుతి పట్టేవాడు. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె రాగానే మేళంలోంచి ముందు పోయిందీ అతనే. ఇప్పుడా శ్రుతి నా ఫోన్లో ఉచిత యాప్. పెట్టె తప్పని నేననను. ఆ కష్టం తన మనవడికి తప్పినందుకు ముసలాయన సంతోషించే ఉంటాడు. కానీ అతని కూలి ఆగిపోయినప్పుడు నోరెత్తని మనం, అదే పనిని ఇవాళ ఫీజు కట్టి నేర్చుకుంటూ 'రహస్యం' అనడం సిగ్గులేనితనం.

సంగీతం మీద వ్యాసాలు రాసే మనందరికీ, ముందుగా నాకు, ఒక విన్నపం. రాగం గురించి రాసే ముందు వెనక నిలబడ్డ మనిషి ఎవరో కనుక్కుందాం.

వర్క్‌షాప్ నుంచి వచ్చిన రాత్రి మేనత్తకి ఫోన్ చేసి ఆయన పేరు అడిగాను. కాసేపు ఆలోచించింది.

"పేరా? ఏమో బిడ్డా. మంగలాయన అనేటోళ్లం."