పాసంగం చూడని తూకం

పూర్వం సంతలో ధాన్యం కొనేవాడు తూకానికి ముందు ఖాళీ తక్కెడను ఎత్తి చూపించమనేవాడు. రెండు పళ్ళేలూ సమంగా నిలవకపోతే తేలికైన వైపు చిన్న రాయో, గుడ్డపేలికో కట్టి సరిచేసేవారు. దానినే పాసంగం అంటారు. ఆ తరువాతే సరుకు తక్కెడ ఎక్కేది. ఈ మర్యాద నేటి మోటారు సైకిల్ మెకానిక్ షెడ్లకు కూడా అత్యవసరమని నా అభిప్రాయం. తెలుగు పండితుడికి ఇంజన్లతో ఏమి పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. ప్రమాణాన్ని గురించిన చర్చ ఎక్కడ ఉంటే అక్కడ పండితుడికీ కొంచెం పని ఉంటుంది.

మన రోడ్ల మీద తిరిగే మోటారు సైకిళ్ళలో అత్యధికం ఒకే సిలిండరువి. వాటికి ఈ చిక్కు లేదు. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ 650 బండ్లు మన దేశంలో విడుదలయ్యాక జంట సిలిండర్ల ఇంజన్లు చిన్న పట్టణాలకూ చేరాయి. ఇటువంటి ఇంజనులో ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క థ్రాటిల్ బాడీ ఉంటుంది. అందులో తిరిగే పలుచని గుండ్రటి రేకు, లోపలికి ఎంత గాలి పోవాలో నిర్ణయిస్తుంది. రెండు రేకులూ సమంగా తెరుచుకోకపోతే, కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి లాగి ఒకటి తగ్గినట్లు, బండి ఐడిల్‌లో వణుకుతుంది. ఐడిల్‌లో రేకు తెరుచుకునేది వెంట్రుకవాసి సందు మాత్రమే. అందువల్ల అక్కడ స్వల్పమైన తేడా కూడా పెద్దదై కనబడుతుంది.

ఈ తేడాను పట్టి ఇచ్చేది వ్యాక్యూమ్ గేజీ. రేకుకూ సిలిండరుకూ మధ్య, ఇంజను గాలి పీల్చే చోట, పీడనం బయటి గాలి కంటె తక్కువగా ఉంటుంది. అక్కడి చిన్న రబ్బరు టోపీ తీసి గేజీ ట్యూబు తగిలిస్తారు. రెండు గేజీలూ ఒకే అంకె చూపేవరకు, రెండు థ్రాటిళ్ళ మధ్యనున్న సర్దుబాటు స్క్రూను తిప్పుతారు. చెప్పడానికి ఇంతే.

చిక్కంతా ఆ "ఇంతే" దగ్గరే ఉన్నది. డయలు గేజీల ముఖం మీద తరచుగా 2.5 అని ఒక తరగతి అంకె ముద్రించి ఉంటుంది. మొత్తం స్కేలులో నూటికి 2.5 వంతుల దాకా తప్పు చూపినా ఆ గేజీ నియమం ప్రకారం మంచిదేనని దాని అర్థం. స్కేలు 760 మిల్లీమీటర్ల పాదరసం అయితే ఆ తప్పు 19 మిల్లీమీటర్లు. ఒక గేజీ 19 ఎక్కువగా, మరొకటి 19 తక్కువగా చూపితే వాటి మధ్య తేడా 38. రెండూ "మంచి" గేజీలే! చాలా మరమ్మతు పుస్తకాలు సిలిండర్ల మధ్య అనుమతించే తేడాయేమో 10 నుంచి 20 మిల్లీమీటర్లు. కట్టెల అడితిలోని కాటాతో బంగారం తూచడం వంటిది ఇది. పైగా డయలు గేజీ లోపల ఉన్నది, 1849లో ఫ్రాన్సు దేశస్థుడు బూర్డన్ పేటెంటు పొందిన వంపు గొట్టం. పీడనాన్ని బట్టి ఆ వంపు మారుతుంది, చిన్న పళ్ళచక్రాలు ముల్లును తిప్పుతాయి. ఒక్కసారి చేయి జారి కింద పడితే దాని మాట మారిపోవచ్చు.

మా ఊళ్ళో నా శిష్యుడొకడు మెకానిక్ షెడ్డు నడుపుతున్నాడు. రెండు చోట్ల డబ్బు పోసినా బాగుపడని బండి ఒకటి అతని దగ్గరకు వచ్చింది. గేజీలు తగిలిస్తే 30 మిల్లీమీటర్ల తేడా. "స్క్రూ తిప్పితే సరిపోతుంది మాస్టారూ" అన్నాడు. "ఏ గేజీ మాట నమ్మి తిప్పుతున్నావురా?" అని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి గేజీలను అటుదిటు మార్చాడు. తక్కువ చూపిన గేజీ రెండో సిలిండరు మీద కూడా తక్కువే చూపింది. సిలిండర్లు దాదాపు సమంగానే ఉన్నాయి. వణుకుకు కారణం చివరికి ఒక స్పార్క్ ప్లగ్గులో దొరికింది. స్క్రూ తిప్పి ఉంటే, సరిగా ఉన్న ఒకే ఒక్క విషయం కూడా చెడిపోయేది.

జ్ఞానం తనంత తానే ప్రమాణమనీ, బాధకం కనబడేవరకు నమ్మవచ్చుననీ మీమాంసకులు అన్నారు. ప్రామాణ్యం మరొక సాధనంతో తేలవలసిందేనని నైయాయికులు వాదించారు. స్వతఃప్రామాణ్య, పరతఃప్రామాణ్య వాదాలని మేము చదువుకున్నవి ఇవే. లోకవ్యవహారంలో ఎవరు ఏ పక్షమైనా వహించవచ్చు గాని, స్క్రూడ్రైవరు చేతబట్టినవాడు నైయాయికుడు కాక తప్పదు.

పరీక్షాక్రమం కఠినమైనదేమీ కాదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు ముళ్ళు సున్నా మీద నిలవాలి. తరువాత ఒకే సిలిండరు నుంచి మూడు దారుల జాయింటుతో రెండు గేజీలకూ కలిపి, వేడెక్కిన ఇంజనును ఐడిల్‌లో నడపాలి. అప్పుడు కనబడే తేడాయే ఆ గేజీల పాసంగం. దానిని కాగితం మీద రాసుకోవాలి. పిమ్మట గేజీలను మార్చి చూడాలి. తేడా గేజీతో పాటు పోతే దోషం గేజీది, సిలిండరు దగ్గరే ఉండిపోతే ఇంజనుది. ట్యూబులను మాత్రమే మార్చినప్పుడు తేడా వాటి వెంట పోతే, పగులో వదులో ట్యూబులో ఉన్నట్లు.

ముల్లు వణకడం మరొక సమస్య. నిమిషానికి 1,200 చుట్లు తిరిగే ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సెకనుకు 10 సార్లు గాలి పీలుస్తుంది. ఆ వణుకును అణచడానికి ట్యూబులో చిన్న మర ఉంటుంది. దానిని అతిగా బిగిస్తే ముల్లు ప్రశాంతంగా నిలుస్తుంది గాని అది శవప్రశాంతి. థ్రాటిల్ కొంచెం తిప్పి వదిలినప్పుడు రెండు ముళ్ళూ ఒకే వేగంతో కదలాలి.

ఇంకొక మాట. రంగు చుక్క పెట్టి సీలు చేసిన ఆధార స్క్రూను ముట్టుకోరాదు. వాల్వు సందులు, ఇన్‌టేక్ రబ్బర్లు, ప్లగ్గులు చూసిన తరువాతే ఈ పని. అదీ ఆరుబయటే చేయాలి, ఇంజను పొగ ప్రాణాంతకం.

"డిజిటల్ సాధనాలు వచ్చాక ఈ చాదస్తం ఎందుకు?" అనేవారున్నారు. వాటి సెన్సార్లు కూడా సున్నా నుంచి జారుతాయి, వాటి ట్యూబులు కూడా పగులుతాయి. అంకెలు వెలుగుతున్నంత మాత్రాన అవి నిజమైపోవు. నిజానికి జంట సిలిండర్లకు నేను మెచ్చేది చవక సాధనం. పారదర్శకమైన పొడవాటి ట్యూబును యు ఆకారంలో పలకకు బిగించి, సగం దాకా ఇంజనాయిలు పోసి, రెండు కొసలనూ రెండు సిలిండర్లకు తగిలించడం. కొసలు ఖాళీగా ఉన్నప్పుడు నూనె రెండు వైపులా తనంత తానే సమంగా నిలుస్తుంది. దాని పాసంగాన్ని ప్రకృతే చూసుకుంటుంది. 10 మిల్లీమీటర్ల పాదరసపు తేడా ఇందులో సుమారు 15 సెంటీమీటర్లై కంటికి కనబడుతుంది. తేడా పెద్దదైతే ఇంజను నూనెను మింగుతుంది కనుక రెండు వైపులా ఖాళీ సీసా ఒక్కొక్కటి అడ్డు పెట్టాలి. నూనెకు బదులు పాదరసం మాత్రం వద్దు, అది విషం.

గేజీల పెట్టెలో తెలుగు కాగితం ఒక్కటీ ఉండదు. షెడ్లలో పనిచేసే కుర్రవాళ్ళలో ఎందరో తెలుగు మాధ్యమంలో చదివినవారే. పై నాలుగు పరీక్షలనూ ఒక పుటలో తెలుగున అచ్చువేసి పెట్టెలో పెట్టడానికి అమ్మేవారికి అయ్యే ఖర్చు స్వల్పం. అది లేనందువల్ల నష్టపడేది మాత్రం బండి యజమాని జేబు, మెకానిక్ పేరు. ఈ పనిలో అనుభవమున్న మిత్రులు తమ షెడ్లలో వాడుకలో ఉన్న మాటలు తెలియజేస్తే, ఆ ఒక్క పుటను మనమే రాసుకుందాం.