ఇటలీలో పురుడు – పుట్టింటివారి బాధ్యత

తొలికానుపు పుట్టింట జరగాలన్నది మన ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. అయితే ఉద్యోగరీత్యా, చదువుల నిమిత్తం మిలాను, తొరీనో, బొలోన్యా, రోము వంటి ఇటలీ నగరాలలో కాపురముంటున్న మన ఆడపడుచులకు ఈ ఆచారాన్ని పాటించడం సులభం కాదు. విమాన సంస్థలు సాధారణంగా 28 వారాలు నిండిన గర్భిణి నుండి వైద్యుని ధ్రువపత్రం కోరుతాయి. 36 వారాలు దాటితే ఎక్కించుకోవు. ఇక్కడికి వచ్చి ప్రసవిస్తే, బిడ్డకు పాస్‌పోర్టు, ఇటలీ వీసా చేతికి వచ్చేవరకు తల్లీబిడ్డలు ఇక్కడ, తండ్రి అక్కడ. కనుక పురుడు అక్కడే పోసుకోవాలని దంపతులు నిశ్చయించుకోవడం సమంజసమే. ఆ కబురు అందిన నాటి నుండి ఇక్కడ తల్లి శొంఠి, పిప్పళ్లు దంచడం, బాలింత కాయం కట్టడం, నెయ్యి కాచడం, కాటుక పట్టడం మొదలుపెడుతుంది.

ఆ ఆరాటం వెనుక ఉన్న మమకారాన్ని ఎవరూ కాదనలేరు. కాని ఆ సామానులో సగం అక్కడా దొరికేదే. కొంత తీసుకుపోవడానికి వీలులేనిది. మరికొంత హాని చేయగలది. గర్భం ధరించినది మొదలు ప్రసవం వరకు అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ మన అమ్మాయిని శ్రద్ధగానే చూసుకుంటుంది. అది చూడలేనిది, ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాతి నలభై రోజులు. పుట్టింటివారి శక్తి, ధనం, సమయం ఆ నలభై రోజులకే వినియోగం కావాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

శాస్త్రం చెప్పినదేమి?

చరక సంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో గర్భిణి పరిచర్య నెల నెలకూ వివరించబడింది. అందులో ప్రధానంగా కనిపించేవి పాలు, వెన్న, నెయ్యి, జావ వంటి సాత్త్వికాహారాలు. తొమ్మిదవ నెల రాకముందే సూతికాగారాన్ని సిద్ధం చేయాలని చెబుతూ, అక్కడ ఉంచవలసిన ఔషధాలతో పాటు ఉండవలసిన స్త్రీలను గురించి కూడా ఆచార్యుడు వివరించాడు. వారు పలుమార్లు ప్రసవించిన అనుభవం గలవారై ఉండాలి. స్నేహశీలురు, సమయస్ఫూర్తి గలవారు, దిగులు లేనివారు, శ్రమకు ఓర్చేవారై ఉండాలి. మనం మందుల పట్టికను గుర్తుపెట్టుకొని మనుషుల పట్టికను మరచిపోయాము. పరదేశంలో ఉన్న అమ్మాయికి మొదట కొరవడేది ఈ రెండవదే.

అక్కడి ఏర్పాట్లు

ఇటలీ జాతీయ ఆరోగ్య సేవ 1978లో ఏర్పడింది. అంతకు ముందే, 1975 చట్టం ద్వారా, కన్సుల్తోరియో అనే కుటుంబ ఆరోగ్య కేంద్రాలు వెలిశాయి. అక్కడ గర్భిణిని చూసేది 'ఒస్తేత్రిక', అనగా శిక్షణ పొందిన మంత్రసాని. సహజంగా సాగే గర్భాన్ని మొదటి నుండి కడవరకు ఆమే పర్యవేక్షించగలదు. ఆరోగ్య సేవలో నమోదైన గర్భిణికి నిర్ణీత రక్తపరీక్షలు, స్కానింగులు ఉచితం. ప్రసవానికి సన్నద్ధం చేసే తరగతులు కూడా ఈ కేంద్రాలలో ఉచితంగా జరుగుతాయి.

ఉద్యోగ అనుమతితో ఉన్నవారికి ఈ నమోదు తప్పనిసరి హక్కు. విద్యార్థులు రుసుము చెల్లించి చేరవలసి ఉంటుంది. 2024 నుండి ఆ రుసుము బాగా పెరిగింది. దాని బదులు చౌక బీమా తీసుకున్నవారు అందులో ప్రసవపు ఖర్చు చేరి ఉన్నదో లేదో ముందే చదువుకోవాలి. నివాసపత్రాలు సక్రమంగా లేని స్త్రీకి కూడా గర్భకాలంలో, ప్రసవంలో వైద్యం అందించాలని 1998 నాటి చట్టం చెబుతున్నది. కనుక పత్రాల భయంతో వైద్యానికి దూరం కావలసిన పని లేదు.

ప్రసవపు గదిలోకి సాధారణంగా ఒక్కరినే అనుమతిస్తారు. ఆ ఒక్కరు తరచు భర్తే అవుతాడు. భార్యాభర్తలిద్దరూ కొన్ని మాటలు నేర్చుకోవాలి: 'దొలోరె' నొప్పి, 'సాంగ్వె' రక్తం, 'ఆక్వా' నీరు, 'రెస్పీరా' ఊపిరి తీసుకో, 'స్పింజి' ముక్కు, 'నొన్ స్పింజెరె' ముక్కవద్దు. నొప్పుల వేళ ఈ ఆరు మాటలు ఆరు ఔషధాలకు సమానం. వెన్నులో ఇచ్చే నొప్పి మందు కావాలనుకునేవారు చాలా ఆసుపత్రులలో మత్తు వైద్యుని ముందుగానే కలవవలసి ఉంటుంది.

మనవారు అదనంగా గమనించవలసినవి

దక్షిణాసియా స్త్రీలలో గర్భకాలపు మధుమేహం అధికం. అందువల్ల అక్కడి వైద్యులు 24–28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజుతో పరీక్ష చేయిస్తారు. ఇద్దరి తిండి తినాలంటూ ఇక్కడి నుండి ఫోనులో మిఠాయిలు తినమని ప్రోత్సహించడం తగదు. శాకాహారులలో బి12 విటమిను లోపం సాధారణం. తల్లిలో లోపిస్తే పాలు తాగే బిడ్డ నరాల ఎదుగుదల దెబ్బతింటుంది. కనుక శాకాహారి అయిన గర్భిణి ఆ సంగతిని మొదటి పరీక్షలోనే వైద్యునికి చెప్పాలి.

ఇటలీలో టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవికి రక్తపరీక్ష చేస్తారు. దానిని తట్టుకునే శక్తి గర్భిణికి లేదని తేలితే ఆ పరీక్షను మరల మరల చేస్తుంటారు. అటువంటివారు పచ్చి కూరలను బాగా కడిగి తినాలి; మాంసాహారులైతే 'ప్రొషూత్తో క్రూదో' వంటి వండని మాంసాన్ని విసర్జించాలి.

పెట్టెలో పెట్టకూడనివి

మొదటిది నెయ్యి, పాలకోవా. ఐరోపా సమాఖ్య వెలుపలి దేశాల నుండి ప్రయాణికులు పాల పదార్థాలను, మాంసాన్ని తీసుకురాకూడదన్నది నియమం. విమానాశ్రయంలో పారబోయించుకోవడం కంటె అక్కడి ఉప్పులేని వెన్నను కరిగించి కాచుకుంటే కమ్మని నెయ్యి సిద్ధమవుతుంది. అల్లం, వెల్లుల్లి, జీలకర్ర పెద్ద నగరాలలో సులభంగా దొరుకుతాయి.

రెండవది లోహభస్మాలు కలిసిన మందులు. ఆయుర్వేదాన్ని గౌరవించే పత్రికలోనే ఈ మాట నిష్కర్షగా చెప్పవలసి ఉన్నది. ఇంటర్నెట్ ద్వారా అమ్ముడవుతున్న 193 ఆయుర్వేద ఔషధాలను పరీక్షించగా, సుమారు అయిదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నట్లు 2008లో అమెరికా వైద్య పత్రికలో ప్రచురితమైంది. సీసం గర్భస్థ శిశువుకు విషం. అంగడి కాటుకలలోను సీసం ఉండే ప్రమాదం ఉన్నది కనుక పసికందు కంటికి అది వద్దు. ఏ మూలిక వాడుతున్నా ఒస్తేత్రికకు తెలియాలి. నొప్పులు రావడానికి ఆముదం తాగించడం వంటి ప్రయోగాలు ఫోనులో చెప్పి చేయించేవి కావు.

మూడవది తేనె. ఏడాది నిండని బిడ్డ నాలుకపై తేనె చుక్క వేస్తే ప్రాణాంతకమైన బోటులిజం సోకవచ్చు. ఇక సాంబ్రాణి ధూపానికి బొగ్గుల కుంపటి అసలే పనికిరాదు. పెరడు, పెంకుల కప్పు ఉన్న మన ఇళ్లలో పొగ పోయే దారి ఉండేది. చలికాలంలో కిటికీలు బిగించుకున్న గదిలో బొగ్గు రాజేస్తే వెలువడే విషవాయువు తల్లీబిడ్డల ఊపిరి తీస్తుంది.

తొంభై రోజుల లెక్క

సహజ ప్రసవమైతే రెండు రోజులకు, శస్త్రచికిత్స అయితే మూడు నాలుగు రోజులకు ఇంటికి పంపుతారు. ఉద్యోగి అయిన తండ్రికి లభించే ప్రత్యేక సెలవు 10 పనిదినాలు. తల్లికి అయిదు నెలల సెలవు ఉన్నా అది విశ్రాంతి కాదు; తెల్లవార్లూ పాలిచ్చి, పగలు వంట చేసుకునే బాలింతకు సెలవు పేరుకు మాత్రమే.

సందర్శకుల వీసాపై వెళ్లే తల్లికి ఏ 180 రోజులలోనైనా 90 రోజులే అనుమతి. ఈ తొంభై రోజులను ఎప్పుడు ఖర్చు పెట్టాలన్నదే అసలు ప్రశ్న. ఏడవ నెలలో సీమంతానికని వెళితే, బిడ్డ పుట్టి కొద్ది రోజులు గడిచేసరికి గడువు తీరుతుంది. చేతిలో ఉన్నవి తొంభై రోజులే అయినప్పుడు సీమంతపు ముచ్చటను ఇక్కడి ఇంట దీపం పెట్టి, ఫోనులో ఆశీర్వదించి జరుపుకోవచ్చు. చెప్పిన తేదీకి రెండు వారాల ముందు చేరేలా వెళితే పురుడు కాస్త ముందుగా వచ్చినా అందుకోవచ్చు. ప్రసవానంతరం సుమారు 75 రోజులు మిగులుతాయి. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండే దరఖాస్తు చేయవచ్చు.

వెళ్లిన తల్లి చేయవలసినది వేడి అన్నం, చారు, వెల్లుల్లి కారం, రెండు పూటలా కడుపునిండా భోజనం. బిడ్డను ఎత్తుకొని అమ్మాయిని నిద్రపోనివ్వడం. పథ్యం పేరిట నీళ్లు తగ్గించడం, మంచం దిగనివ్వకపోవడం మంచిది కాదు. కదలకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అధిక రక్తస్రావం, జ్వరం, పిక్కలో వాపు, తగ్గని తలనొప్పి, బిడ్డపై విముఖత, ఎడతెగని ఏడుపు కనిపిస్తే కషాయంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. అత్యవసరమైతే 112కు ఫోను చేయాలి.

తల్లి వెళ్లలేని ఇళ్లలో ఆ బాధ్యత భర్తది. అన్నం వార్చడం, చారు కాచడం ఏడవ నెలలోనే అభ్యసించాలి. ఇటలీ వారికీ ఈ సంగతి కొత్త కాదు. బాలింతకు నలభై రోజుల విశ్రాంతి, కోడి పులుసు ఆ దేశపు పల్లెల్లోనూ పాత ఆచారమే. పదిహేనవ శతాబ్దపు ఫ్లారెన్సులో బాలింతకు కానుకగా ఇచ్చిన పళ్లేలపై, ఆమెను చూడవచ్చిన స్త్రీల బొమ్మలు నేటికీ కనిపిస్తాయి. పొరుగింటి పెద్దావిడ తలుపు తట్టి పరిచయం చేసుకుంటే ఆమె తప్పక ఆదరిస్తుంది.

బిడ్డ జననాన్ని ఆసుపత్రిలో అయితే మూడు రోజులలో, పురపాలక కార్యాలయంలో అయితే పది రోజులలో నమోదు చేయించాలి. ఇటలీలో పుట్టినంత మాత్రాన ఆ దేశపు పౌరసత్వం రాదు. కనుక రోములోని మన రాయబార కార్యాలయంలో గాని, మిలానులోని కాన్సులేటులో గాని ఏడాదిలోగా నమోదు చేయించి పాస్‌పోర్టు తీసుకోవాలి.

తల్లిదండ్రులారా! మీ అమ్మాయి నెల తప్పిందన్న కబురు వచ్చిన రోజున రోలు, రోకలి వెతకకండి. క్యాలెండరు తీసి రోజులు లెక్క పెట్టండి. మీరు సర్దే పెట్టె తేలికగా ఉన్నా ఫరవాలేదు, మీరు వెళ్లే వేళ సరిగా ఉంటే చాలు.