విలాసానికి కవచం, పొట్టకూటికి మోకు

"చెట్టెక్కేవాడిని ఎంతవరకని ఎగసన తోస్తారు?" అని మనకొక సామెత ఉన్నది. పరుల సాయానికి ఒక హద్దుంటుందని చెప్పడానికి దానిని వాడుతాము. సామెతగా అది బాగానే ఉన్నది. కాని గోదావరి డెల్టాలో దానిని అక్షరాలా పాటిస్తున్న తోట యజమానులను చూస్తే కడుపు మండుతుంది. మనిషిని చెట్టు మొదటి దాకా పిలుచుకురావడమే తమ పని, ఆపైన అతడి ప్రాణం అతడి పూచీ అన్నట్లు ప్రవర్తించడం మనకు అలవాటైపోయింది. ఈ టపా ఆ అలవాటు మీదనే.

విషయానికి కొంచెం దూరం నుంచి వస్తాను, చదువరులు ఓపిక పట్టాలి. అమెరికాలో స్థిరపడిన నా పూర్వవిద్యార్థి ఒకడికి అక్కడ విలువిద్య మీద మోజు కలిగింది. కప్పీలు, గురి చూసే అద్దాలు లేని పాతకాలపు కొయ్యవిల్లు పట్టి, అనుమతి పత్రం తీసుకొని, లేళ్ళ వేటకు వెళ్తాడట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అటువంటి వేట నేరం. అక్కడి చట్టం వేరు. వేట తగునా తగదా అన్నది మరొక చర్చ. ఆ వేటకు చెట్టు మీదకు ఎక్కి కూర్చొనే పరికరం ఒకటి ఎంచుకొంటూ, "మేష్టారూ, దీన్ని తెలుగులో ఏమనాలండీ?" అని అడిగాడు. "ఎక్కుడు మంచె అనరా అబ్బాయీ" అని వ్రాశాను. పేరు పెట్టడంతో నా పని తీరిపోవలసింది. కాని అతడు పంపిన వివరాలు చదివిన తరువాత మనసు మనసులో లేదు.

మంచె మనకు కొత్తది కాదు. జొన్నచేనికి మంచె ఉన్నది, మన్యంలో పోడుచేనికి మంచె ఉన్నది. శివరాత్రి కథలో మారేడు చెట్టెక్కి, కునుకు పడితే ఎక్కడ జారిపోతానోనని ఆకులు తుంచి క్రిందికి వేస్తూ తెల్లవార్లూ మేలుకొన్న బోయవాడు మనందరికీ తెలిసినవాడే. పాపం, అతడి నడుముకు ఒక తాడైనా ఉన్నట్లు కథకులెవరూ చెప్పలేదు. నేటి అమెరికా వేటగాడి సంగతి అలా కాదు.

ఈ ఎక్కుడు మంచెలో రెండు భాగాలు. పైది కూర్చొనే పీట, క్రిందిది పాదాలు మోపే పలక. రెండింటికీ మాను చుట్టూ తిరిగివచ్చే గట్టి పట్టీలుంటాయి. మనిషి బరువు పడగానే పలక కొద్దిగా వాలి, దాని అంచు ఒకవైపు, పట్టీ మరొకవైపు మానును కరచిపట్టుకొంటాయి. బరువు తీస్తే పట్టు సడలుతుంది. పీట మీద కూర్చొని కాళ్ళతో పలకను పైకి లాగడం, పలక మీద నిలబడి పీటను పైకి జరపడం: గొంగళిపురుగు నడక వంటిది ఈ ఎక్కుడు. అయితే కొమ్మలున్న చెట్టుకు ఇది పనికిరాదు. నిటారుగా, నడుమ కొమ్మ అన్నది లేకుండా, ఇంచుమించు ఒకే లావున పెరిగిన మాను కావాలి.

అటువంటి మాను కోసం అతడు అడవంతా వెదకుతాడు. మనకు కాలువ గట్ల మీద, ఇళ్ళ పెరళ్ళలో, అమలాపురం నుంచి నరసాపురం దాకా వేలకు వేలు నిలబడి ఉన్నది. దానిని మనం కొబ్బరిచెట్టు అంటాము!

ఇక అసలు సంగతి. ఎక్కుడు మంచెను ఎంచుకొనేవాడికి అక్కడివారు మొదట చెప్పేది పీట మెత్తదనం గురించి కాదు, బరువు గురించీ కాదు. భుజాలను, రొమ్మును, తొడలను కలిపి పట్టే పట్టీల కవచం గురించి. అక్కడి తయారీదారుల సంఘం ప్రమాణాల ప్రకారం ధ్రువీకరించిన మంచెతో పాటు ఆ కవచం కూడా పెట్టెలోనే వస్తుంది. ఒకప్పుడు నడుముకు మాత్రమే బెల్టు కట్టుకొనేవారు. పడినప్పుడు దానికి వ్రేలాడితే ఊపిరి ఆడదని తెలిసి దానిని విడిచిపెట్టారు. కొందరు చెట్టు పై నుంచి నేల దాకా ఒక తాడు దింపి, దానికి జారుముడి వేసి ఆ ముడికి కవచాన్ని తగిలిస్తారు. చేతితో జరిపితే జరిగి, బరువు పడితే బిగిసిపోయే ముడి అది. 1931లో దానిని ప్రచారంలోకి తెచ్చిన ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ పేరే ఆ ముడికి పెట్టారు. పడినవాడు కవచంలో కదలిక లేకుండా వ్రేలాడినా కాళ్ళలో రక్తం నిలిచి ప్రాణాపాయం కలుగుతుందట. అందుకని పాదం మోపుకోవడానికి ఒక ఉచ్చు కూడా దగ్గర ఉంచుకొంటారు. ఈ ఏర్పాట్లన్నింటికీ సూత్రం ఒక్కటే: పాదం నేలను విడిచిన క్షణం నుంచి మళ్ళీ నేలను తాకే క్షణం దాకా మనిషి చెట్టుకు కట్టబడి ఉండాలి.

సెలవు రోజున సరదాకు 20 అడుగులు ఎక్కేవాడికి ఇంత ఏర్పాటు! మరి ఏడాది పొడుగునా కూటి కోసం 50, 60 అడుగులు ఎక్కేవాడికి?

మన దింపు కార్మికుడి సామగ్రి చూడండి. పాదాలకు ఒక బందం, నడుమున ఒక కత్తి. చెట్టును కావలించుకొని ఎక్కాలి. పైకి వెళ్ళాక ఒక చేయి మట్టకు, ఒక చేయి కత్తికి. గీత కార్మికుడికి మోకు, ముస్తాదు ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. కాని మోకు చేసే పని ఏమిటో ఆలోచించండి. అది నడుముకూ చెట్టుకూ చుట్టుకొని ఉండి, వెనక్కు వాలి రెండు చేతులతో గెల గీసుకోవడానికి ఆసరా ఇస్తుంది. పాదం జారినప్పుడు బిగిసి ఆపే గుణం దానికి లేదు. మనిషితో పాటు అదీ జారుతుంది. పని చేసుకోవడానికి పనికివచ్చే తాడు వేరు, పడుతున్నవాడిని ఆపే తాడు వేరు. ఈ రెంటికీ భేదం తెలియకపోవడం వలన ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆరిపోయాయో పల్లెలలో ఉన్నవారికి తెలుసు. నా దగ్గర చదువుకొని తొమ్మిదవ తరగతితో బడి మానిన ఒక కుర్రవాడు వానకు తడిసిన చెట్టు మీద నుంచి పడి, పాతికేళ్ళకే మంచం పట్టాడు. ఆ రోజు దింపిన కాయలకు లెక్క సరిగానే కట్టి ఇచ్చారు.

ఈ మాట ఎత్తగానే మూడు సమాధానాలు వస్తాయి. మూడింటినీ విడివిడిగా చూస్తాను.

మొదటిది: "అది వారికి తరతరాల విద్య, వారికి కవచాలెందుకు?" అన్న మాట. పొగడ్తలా వినిపించే నిర్లక్ష్యమిది. కులవృత్తి అని పేరు పెట్టగానే ఎముకలు ఇనుప ఎముకలవుతాయా? నా శిష్యుడు పట్టే విల్లు కూడా సంప్రదాయ విల్లే. దానికి కప్పీ పెడితే అవమానంగా భావించే వర్గమది. అయినా చెట్టెక్కేటప్పుడు నైలాను పట్టీలు బిగించుకోవడానికి వారిలో చాలామందికి నామోషీ లేదు. సంప్రదాయం వింటిలో ఉన్నదని, పడి నడుము విరగ్గొట్టుకోవడంలో లేదని వారికి తెలుసు. అసలు మోకు మాత్రం ఏమిటి? ఒట్టి చేతులతో ఎక్కేవాడు ఒకనాడు కనిపెట్టుకొన్న సాధనమే కదా! దానిని మెరుగు పరచడం సంప్రదాయానికి కొనసాగింపు.

రెండవది: "యంత్రాలిచ్చినా వాళ్ళు వాడరండీ, మూలన పడేస్తారు." ఇందులో నిజం ఉన్నది. కాని కారణం అడిగినవారెవరు? కేరళలో కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన జోసెఫ్ అనే రైతు రూపొందించిన యంత్రం దేశమంతటా ప్రసిద్ధికెక్కింది. కుడి పాదానికొకటి, ఎడమ పాదానికొకటిగా రెండు భాగాలు, చెట్టు చుట్టూ ఇనుప తీగ. ఒకదాని తరువాత ఒకటి పైకి జరుపుతూ నిలబడి ఎక్కుతారు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వారిది కూర్చొని ఎక్కే పద్ధతి, అచ్చంగా వేటగాడి ఎక్కుడు మంచెకు తోబుట్టువు. మంచివే. కాని ప్రతి చెట్టు దగ్గర తగిలించాలి, దిగాక విప్పాలి, మోసుకుపోయి తరువాతి చెట్టుకు మళ్ళీ తగిలించాలి. మనం కూలి కట్టేది చెట్టుకింత అని. యంత్రంతో పది చెట్లు ఎక్కే వ్యవధిలో బందంతో అంతకు మించి ఎక్కగలిగినవాడు యంత్రాన్ని పక్కన పెడితే అది మూర్ఖత్వం కాదు, సంసారపు లెక్క. లెక్క మార్చవలసినది కూలి ఇచ్చేవాడు.

మూడవది: "ప్రభుత్వం చూసుకోవాలి." చూసుకోవలసిందే. చూసుకొన్నచోట్లు కూడా ఉన్నాయి. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో కొబ్బరిచెట్టు నేస్తాల పేరిట శిక్షణ ప్రారంభించి, నేర్చుకొన్నవారికి యంత్రాలిచ్చి, బీమా కల్పించింది. చెంబేరి యంత్రంలో పడిపోకుండా పట్టే అమరిక లోపించిందని గ్రహించి, కాసరగోడులోని కేంద్రీయ తోటపంటల పరిశోధన సంస్థ దానిని చేర్చింది. తెలంగాణలో 2024 జూలై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు పరికరాల పంపిణీ మొదలుపెట్టారు. గీత కార్మికుల కులదైవం పేరు దానికి పెట్టినవారెవరో గాని, తెలిసినవారు! చనిపోయాక ఇచ్చే పరిహారం కంటె చావకుండా ఆపే తాడు చౌక అన్న సత్యాన్ని ఒక ప్రభుత్వం అంగీకరించడం చిన్న విషయం కాదు. అయితే తోట ఎవరిది, కాయ ఎవరిది, దాని మీద వచ్చే ఆదాయం ఎవరిది? ప్రభుత్వం వచ్చేదాకా ఆ మనిషిని ఒట్టి కాళ్ళతో ఎక్కిస్తూ ఉండే హక్కు మనకెవరిచ్చారు?

ఎంపిక గురించి కూడా చెప్పాలి. చౌకబారు పరికరం కొని పంచి ఫొటోలు తీయించుకోవడం ఎంపిక కాదు. నేను చదివి, ఎక్కేవారిని అడిగి, గ్రహించినవి ఇవి.

రెండు చేతులూ రెండు పాదాలూ ఒక్కసారి జారినా ఆగుతాడా? ఇది మొదటి పరీక్ష. ఇందులో తప్పినదానిని ఎంత అందంగా ఉన్నా తీసుకోకూడదు.

మట్టల మొదళ్ళు, గెలలు దాటేటప్పుడు తాడు విప్పవలసి వస్తే మనిషి ఆ క్షణంలో నిరాధారుడు. అందుకని తాళ్ళు రెండుండాలి. ఒకటి విప్పేముందు రెండవది తగిలించి ఉండాలి.

చేతిలో పదునైన కత్తి ఉన్నప్పుడు నూలుతాడైనా నైలానుతాడైనా ఒక్క వేటుకు తెగవచ్చు. లోపల ఉక్కు తీగ ఉన్న తాడు కావాలి. చెట్లు నరికే వృత్తివారు విదేశాలలో వాడేది అదే.

మన చెట్లకు సరిపోవాలి. తాడిచెట్టు మొదలు లావు, బెరడు గరుకు. కొబ్బరి నునుపు, వానాకాలం పాచి పట్టి జారుతుంది. కాలువ మీదికి వంగిన చెట్లకు కొదవ లేదు. నిటారు చెట్టుకు తయారైన యంత్రాన్ని వాటికి తగిలించరాదు. 1996 నవంబరు 6 నాటి పెనుతుపాను కోనసీమ కొబ్బరిని కూల్చిన తరువాత నాటిన మొక్కలు ఇప్పుడు ముప్పయ్యేళ్ళ చెట్లు. గెడకత్తికి అందే కాలం దాటిపోయింది.

అన్నిటికంటె ముఖ్యం: ఎక్కేవాడు ఎక్కి చూసి, సరేనన్న తరువాతనే కొనాలి. వేటగాడు దుకాణంలో తన బరువుకు, తన ఎత్తుకు సరిపడేది తానే ఎంచుకొంటాడు. మన కార్మికుడి తరఫున ఎన్నడూ చెట్టెక్కని పెద్దమనుషులు ఎంచుతారు. పాదం అతడిది అయినప్పుడు ఎంపిక కూడా అతడిదే కావాలి.

ఇక సాటి బ్లాగరులతో ఒక మాట. మీలో చాలామంది హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల ఆవలనో ఉన్నారు. కోనసీమ అందాల గురించి, కొబ్బరాకుల గలగల గురించి మీరు వ్రాసినవి చదివి నేను ఎన్నోసార్లు ఆనందించాను. మీ తోటలు కౌలుకో, బంధువుల చేతికో ఇచ్చి ఉంటారు. ఎరువుకు డబ్బు పంపుతారు, తెగుళ్ళ మందుకు పంపుతారు. చెట్టుకు ముక్కుపురుగు పడితే ఫోను మీద ఫోను చేస్తారు. ఆ ఖర్చుల పట్టికలో ఒక కవచం, రెండు తాళ్ళు ఎందుకు లేవు? యంత్రంతో ఎక్కేవాడికి చెట్టు లెక్కన కాక రోజు లెక్కన కూలి ఇస్తే నష్టమెంత? వాన కురిసిన మరునాడు దింపు ఆపితే కాయలు చెట్టునే ఉంటాయి గదా, ఎక్కడికి పోతాయి?

నా మాటలు కటువుగా తోచినవారు వ్యాఖ్యలలో నిస్సంకోచంగా ఖండించండి, జవాబు చెబుతాను. కాని ముందొక పని చేయండి. ఈసారి అంబాజీపేట ధరతో సహా దింపు లెక్క మీ చేతికి వచ్చినప్పుడు, కాయలెన్ని అని చూసుకొన్న తరువాత, ఎక్కినవాడు ఏమి కట్టుకొని ఎక్కాడని కూడా అడగండి.