గుండమ్మను చూసి ఎందుకు నవ్వాం?

‘గుండమ్మ కథ’ను నేను మొదట చూసింది కడపలో, ఒక పాత హాల్లో, మార్నింగ్ షోకి. 1962లో వచ్చిన ఆ సినిమాలో మాటలన్నీ జనానికి నోటికొచ్చు. సూర్యకాంతం నోరు తెరవకముందే హాలంతా నవ్వులు. నేనూ నవ్వాను. ఇంటర్వెల్‌లో వెనక వరసలోంచి ఎవరో మా పెద్దమ్మను చూపించి “గుండమ్మ ఈడనే ఉందే!” అన్నారు. మళ్ళీ నవ్వులు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

పెద్దమ్మకు ముప్పయ్యేళ్ళకే భర్త పోయాడు. మిగిలింది నాలుగెకరాల మెట్ట. దాయాదులు ఏటా గెనెం కొంచెం కొంచెం జరుపుతూ వచ్చేవాళ్ళు. ఆమెకున్న ఆసరా నోరొక్కటే. అది లేకపోతే చేను ఎప్పుడో పోయేది. ఊరు ఆమెకు పెట్టిన పేరు గయ్యాళి.

గుండమ్మ సవతి కూతురు లక్ష్మిని పనిమనిషిని చేయడం అన్యాయమే. అందులో నాకు సందేహం లేదు. కానీ తర్వాతి కథ చూడండి. సరోజను పెళ్ళాడిన రాజా తాగుబోతుగా, పేదవాడిగా నటిస్తాడు. ఆమెను పుట్టింటి నుంచి తీసుకెళ్ళి తోటపని చేయిస్తాడు. సవతితల్లి చేయిస్తే చాకిరీ, మొగుడు చేయిస్తే గుణపాఠం! రాజా పేదరికం నాటకం. సరోజ చెమట మాత్రం నిజం. అది నాటకమని మామకు తెలుసు, మొగుడికి తెలుసు, టిక్కెట్టు కొన్న మనకూ తెలుసు. తెలియనిది ఆమెకొక్కదానికే. ఈ మోసాన్ని మనం హాస్యం అన్నాం.

ఈ కథలో షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ద ష్రూ’ ఛాయలున్నాయంటారు. పొగరుబోతు ఆడదాన్ని లొంగదీయడం ఏ దేశంలోనైనా నవ్వు పుట్టించే సరుకే. ఇదే సినిమాలో అంజి పిండి రుబ్బుతూ మహిళాలోకం మేలుకుందని పాడతాడు. మేలుకున్న సరోజకు జరిగిన సన్మానం తోటపని!

“ఇంటిల్లిపాదీ చూసే సినిమా, అంత లోతుగా ఎందుకు?” అని అడుగుతారు. ఇంటిల్లిపాదీ చూస్తారు కాబట్టే. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డి మా కడప జిల్లా పొట్టిపాడు మనిషి. మా మెట్ట ఊళ్ళలో విధవరాలు ఆస్తి నిలబెట్టుకోవాలంటే ఎంత నోరు కావాలో ఇక్కడివాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ నోటి వెనకున్న భయాన్ని వదిలేసి, నోటిని మాత్రమే తెరకెక్కించారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న సినిమాను సూర్యకాంతం పాత్ర పేరుతో పిలవడం ఆమె నటనకు దక్కిన గౌరవమే. అయినా ఆడపిల్లలకు ఆ నటి పేరు పెట్టడానికి జనం జంకారంటారు.

సినిమా ఆపమని నేననడం లేదు. పాత సినిమాలు మళ్ళీ హాళ్ళకొస్తున్న ఈ రోజుల్లో గుండమ్మా వస్తే నేనూ వెళ్తాను. ఆ రోజు హాలు బయట పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ఒకటే మాటంది: “ఆస్తి ఆ యమ్మది. బుద్ధి జెప్పేది మాత్రం అందురూనా?” ఆ సినిమా గురించి రాసేవాళ్ళం మొదలుపెట్టాల్సింది ఆ ప్రశ్న దగ్గరే.