మెదడు చదువు మన గూడేల దాకా రావాలి

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పిల్లలు కొందరు డిగ్రీలో న్యూరోసైన్స్, అంటే మెదడు, నరాల శాస్త్రం చదివి, తర్వాత వైద్య కళాశాలలో చేరుతున్నారు. అక్కడ డాక్టరు చదువుకు ముందు నాలుగేళ్ల డిగ్రీ చేయడం మామూలు. ఇక్కడ ఇంటర్ బైపీసీ కాగానే నీట్ రాసి ఎం.బి.బి.ఎస్.లో చేరతారు. 2022లో కొత్తగూడెంలోనే ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. దారి ఏదైనా, ఆ చదువు దుమ్ముగూడెం లాంటి చోట ఎవరికి అక్కరకు వస్తుందన్నదే మా ప్రశ్న.

మూర్ఛ జబ్బునే తీసుకుందాం. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఇది ఉంది. సరైన మందు వాడితే 100 మందిలో 70 మంది వరకు ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయినా పేద దేశాల్లో నలుగురిలో ముగ్గురికి ఆ వైద్యం అందడం లేదు. ఫినోబార్బిటాల్ అనే చవకైన మాత్ర 1912 నుండి వాడుకలో ఉంది. కాబట్టి మందు లేక కాదు, మందు మనిషిని చేరక ఈ కష్టం.

కాన్పులో బిడ్డకు దెబ్బ తగలడం, తలకు గాయం, మెదడుకెక్కిన మలేరియా, మెదడులో చేరిన బద్దెపురుగు లార్వాలు ఇవన్నీ మూర్ఛకు కారణాలే. ఇది గాలి సోకడం కాదు, అంటుజబ్బూ కాదు. పెళ్లి చెడుతుందని ఆడపిల్ల జబ్బును దాచిపెడితే, పొయ్యి దగ్గరో, గోదావరి రేవులోనో ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

నెల్లూరులో నరాల వైద్యురాలు డాక్టర్ బిందు మీనన్ ‘న్యూరాలజీ ఆన్ వీల్స్’ పేరుతో వాహనంలో పల్లెలకు వెళ్లి రోగులను ఉచితంగా చూసే పని చేపట్టారు. పెద్ద యంత్రాలు కనిపెట్టడమే కొత్తదనం కాదు. డాక్టరే రోగి గుమ్మం ముందుకు రావడం అంతకంటే గొప్ప కొత్తదనమని మేము నమ్ముతున్నాము.

తల్లిదండ్రులారా, డాక్టరు కావాలనుకునే మీ పిల్లలకు ఈ మాట చెప్పండి. కోయ భాష వచ్చిన బిడ్డ డాక్టరైతే, రోగి చెప్పుకోలేని బాధ కూడా అర్థమవుతుంది.

ఇంట్లో మూర్ఛ రోగి ఉంటే ఇవి మరువకండి. ఫిట్స్ వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. తాళంచెవులు చేతిలో పెట్టినందువల్ల ఉపయోగం లేదు. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఫిట్స్ ఆగాయి కదా అని డాక్టరును అడగకుండా మాత్రలు మానవద్దు.