‘పిక్ అప్’ అంటే ఎత్తడమేనా?

ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు మాట వినబడకూడదనే అభిప్రాయం మన భాషా అల్పసంఖ్యాక పాఠశాలల్లో పాతుకుపోయింది. తల్లిదండ్రులు కొందరు అదే కోరుతున్నారు. ఉపాధ్యాయులు కొందరు అదే మంచి పద్ధతి అనుకుంటున్నారు. మేము దీనితో ఏకీభవించలేము. కారణం చెప్పడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కరలేదు. పిల్లల చెవిన రోజూ పడే ‘పిక్ అప్’ అనే ఒక్క మాట చాలు.

గైడు పుస్తకాల్లో ఇలాంటి మాటలకు ఎదురుగా ఒకే ఒక్క అర్థం ఉంటుంది. ‘పిక్ అప్’ అంటే ‘లిఫ్ట్’ అని పిల్లలు బట్టీ పడతారు. పదో తరగతి ఇంగ్లీషు ప్రశ్నపత్రం మొదటి భాగంలో పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, ఫ్రేజల్ వెర్బులు ఒక్కో మార్కు ప్రశ్నలుగా వస్తాయి. ‘దీపావళికి ముందు వ్యాపారం పిక్ అప్ అయింది’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఇచ్చి, సమానమైన మాట ఏదని అడిగితే, బట్టీ పట్టిన పిల్లవాడు ‘లిఫ్ట్’ దగ్గరే టిక్కు పెడతాడు. అక్కడ కావలసింది ‘ఇంప్రూవ్’. పోయింది ఒక్క మార్కే అనుకోవచ్చు. కానీ అర్థం వాక్యంలో ఉంటుందన్న సంగతి ఆ పిల్లవాడికి అందకుండా పోయింది. రేపు పదకొండో తరగతిలో పాఠాలన్నీ ఇంగ్లీషులో చదవవలసి వస్తే, ఆ లోటు ప్రతి పేజీలోనూ అడ్డుపడుతుంది.

ఇదే మాటను తెలుగులోకి తెచ్చి చూద్దాం. కింద పడిన పెన్సిలును పిక్ అప్ చేస్తే ‘తీశాడు’ అంటాం. ఆవరణలోని చెత్త కాగితాలను పిక్ అప్ చేస్తే ‘ఏరాడు’ అంటాం. అక్కడ ఇంగ్లీషులో ‘లిఫ్ట్’ కన్నా ‘గ్యాదర్’ సరిపోతుంది. ఫోను పిక్ అప్ చేస్తే ‘ఎత్తాడు’, అంటే ‘ఆన్సర్’. నాన్న సాయంత్రం బడి దగ్గర బిడ్డను పిక్ అప్ చేసుకుంటే ‘వచ్చి తీసుకెళ్ళాడు’, అంటే ‘కలెక్ట్’. పక్కవాడి నుంచి జలుబు పిక్ అప్ చేస్తే ‘అంటుకుంది’, అంటే ‘క్యాచ్’. నిన్న ఆపిన కథను ఇవాళ పిక్ అప్ చేస్తే ‘అందుకున్నాడు’, అంటే ‘రెజ్యూమ్’. మన ఒడుగత్తూరు శుక్రవారం మేకల సంతలో పండగ ముందు బేరాలు పిక్ అప్ అయితే ‘పుంజుకున్నాయి’ అంటాం. వీధిలో ఆడుకుంటూ మన పిల్లలు తమిళం పిక్ అప్ చేస్తే ‘ఒంటబట్టింది’ అంటాం. అది ‘లర్న్’ కన్నా ఇంకాస్త ఎక్కువ. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే వచ్చిందన్న సంగతి అందులో ఉంది.

ఇంగ్లీషులో ఒక్క మాట ఉన్నచోట తెలుగులో ఎనిమిది క్రియలు వచ్చాయి. వీటిలో ఏదీ నిఘంటువు తెరిచి నేర్చుకున్నది కాదు, అన్నీ ఇంట్లో వాడేవే. ఏ వాక్యానికి ఏ తెలుగు క్రియ కుదురుతుందో పట్టుకున్న పిల్లవాడికి సరైన ఇంగ్లీషు పర్యాయపదం ఎంచుకోవడం కష్టం కాదు.

ఈ చిక్కు మన పిల్లలది మాత్రమే కాదు. 1755లో ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేసిన శామ్యూల్ జాన్సన్, క్రియ వెనక చిన్న మాట చేరి అర్థం మారిపోయే ఈ పద్ధతి పరాయి భాషల వారిని అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుందని తన ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది.

అయితే తెలుగు పిల్లలకు ఈ పద్ధతి పూర్తిగా కొత్త కాదు. ‘నిజం బయటపడింది’ అంటాం, ‘అప్పుల నుంచి బయటపడ్డాడు’ అంటాం. రెండు చోట్లా బయట ఎవరూ పడలేదు. ‘ఎత్తిపొడిచింది’ అంటే ఎత్తడమూ లేదు, పొడవడమూ లేదు. రెండు మాటలు కలిస్తే మూడో అర్థం పుడుతుందని మూడో తరగతి బిడ్డకు కూడా తెలుసు. తెలిసిన దానిమీద తెలియని దాన్ని నిలబెట్టడమే బోధన. తరగతిలో తెలుగును నిషేధిస్తే ఆ పునాదిని మనమే తీసేసినట్టు.

తెలుగులో చెబితే పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడరు కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయంలో న్యాయం ఉంది. పాఠమంతా తెలుగులోకి మార్చి చెప్పి, చివర ప్రశ్న జవాబులు రాయిస్తే పిల్లలకు ఇంగ్లీషు రాదు. మేము అడుగుతున్నది అది కాదు. అర్థం తేల్చుకోవడానికి రెండు నిమిషాలు తెలుగు, తరువాత పీరియడ్ అంతా ఇంగ్లీషు వాక్యాలు. తెలుగులో చెప్పకూడని సంగతులూ ఉన్నాయి. ‘పిక్ ఇట్ అప్’ అనాలే తప్ప ‘పిక్ అప్ ఇట్’ అనకూడదు. ‘ఇట్’, ‘హిమ్’, ‘దెమ్’ వంటివి నడుమనే రావాలి. ఇది పదేపదే పలికిస్తేనే నోటికి వస్తుంది.

వేలూరు, గుడియాత్తం ప్రాంతంలో మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు మోస్తున్నారు. 2006 నాటి తమిళ అభ్యాస చట్టం తరువాత తమిళం బడి పాఠంగానూ చేరింది. దానిపై మాకు ఫిర్యాదు లేదు, ఈ నేలపై బతికేవారికి తమిళం కావాలి. కాని అర్థాలు తమిళంలో ఇచ్చిన గైడ్లతోనే ఇంగ్లీషు నేర్చుకుంటే తెలుగుకు బడిలో మిగిలేది తెలుగు పీరియడ్ ఒక్కటే. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. మాతృభాష కూడా ఒక పాఠమని ఆ అధికరణం ఊరుకోలేదు. మిగతా పాఠాలు నేర్చుకునే సాధనం అదేనన్నది దాని ఉద్దేశం.

అందుకే మూడు పనులు కోరుతున్నాం. ఉపాధ్యాయులు వారానికి ఒక్క ఫ్రేజల్ వెర్బు తీసుకుని, దాని అర్థాలన్నిటికీ వాక్యాలు, తెలుగు క్రియలు, ఇంగ్లీషు పర్యాయపదాలు పక్కపక్కనే రాయించాలి. యాజమాన్యాలు ప్రతి పాఠశాలలో ఒక మంచి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును పిల్లల చేతికి అందేలా ఉంచాలి. తల్లిదండ్రులు, తమకు ఇంగ్లీషు రాకపోయినా సరే, రాత్రి బిడ్డ పుస్తకం తీసినప్పుడు ‘దీన్ని మన ఇంట్లో ఏమంటాం?’ అని అడగాలి. తెలుగు వచ్చిన అమ్మో తాతో ఇంట్లో ఉంటే చాలు, ఆ ప్రశ్నకు ట్యూషను అక్కరలేదు.